అమ్మోరి కుచ్చు, అత్త చెయ్యి

ఈ ముసురులో ఇనప్పెట్టె మూత తీయగానే గది నిండా తడిసిన గొర్రె వాసన. మడతల మధ్య ఎండి పొడైన వేపాకు, దాని కింద మా అత్త వడికిన నల్ల ఉన్ని కంబళి. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోనీండి. నా బాల్యం మల్లెపూల వాసన వేయలేదు, ఈ వాసనే వేసింది. అందుకు నేనేమీ సిగ్గుపడను.

ఇది తాతల కాలం ముచ్చట కాదు. రెండువేల పదమూడు ప్రాంతం. చీపురుపల్లి అవతల మా ఊళ్లో డాబాల మీద డిష్ గొడుగులు మొలిచాయి, నాన్న గొర్రెల వెనక సెల్‌ఫోన్లో పాటలు వింటూ తిరిగేవాడు. మందలో చాలావరకు మాంసానికి పెంచే పొట్టి బొచ్చు గొర్రెలే అయినా, మామ్మ, అంటే నాన్న తల్లి, పట్టుబట్టి పాతిక నల్ల గొర్రెల్ని ఉన్ని కోసమే ఉంచుకుంది. మాఘమాసపు ఎండ కాస్త చురుక్కుమనగానే వాటిని ఊరి పక్క గెడ్డ నీళ్లలో ఈదించి, ఒళ్లు ఆరాక కత్తెర వేసేవారు.

ఆ తర్వాత పదిహేను రోజులు మా వాకిలి అంతా ఉన్నే. గోనెల మీద పరిచి, పేడ గడ్డకట్టిన కొసలు తుంచేసి, వీపు మీది మెత్తటి ఉన్ని ఒక పక్కకి, పొట్టకింది ముతకది మరో పక్కకి వేరుచేసి, పల్లేరు ముళ్లు ఏరుతుంటే సాయంత్రానికి మా వేళ్లు జిడ్డుతో నున్నగా మెరిసేవి. గోరువెచ్చటి కుంకుడు రసంలో ఉన్ని నానబెట్టి చేత్తో మెల్లగా అదిమేవాళ్లమే గాని పిండేవాళ్లం కాదు. నేనొకసారి బట్టలు ఉతికినట్టు నులిమేస్తే అది ముద్దకట్టుకుపోయింది, ఇక వడకడానికి పనికిరాలేదు. "ఒలే గుంటా, ఉన్ని అనుకున్నావా, మీ నాన్న లుంగీ అనుకున్నావా?" అని మామ్మ నెత్తిన మొట్టింది. నీడలో నులక మంచాల మీద ఆరేసి, రెండు పూటలా తిరగేసి, చెంపకి ఆనిస్తే చల్లదనం తగలనప్పుడే అది ఆరినట్టు. అప్పుడు వేపాకు చల్లి మూటలు కట్టి అటకెక్కించేవాళ్లం.

మూట కట్టేముందు ఒక ఆచారం ఉండేది. అమ్మోరికి వదిలిన పొట్టేలు మెడ మీంచి కత్తిరించిన ఉన్నిని కడగకూడదు. దాన్ని పసుపు దారంతో చిన్న చిన్న కుచ్చులు కట్టి, మూటకొకటి లోపల పెట్టాలి. అది కాపలా అట. మరో ఆచారం, నెలసరి రోజుల్లో ఆడది ఉన్ని ముట్టకూడదు. ముడితే పురుగు పడుతుందట.

ఆ ఏడు వానలకు ముందు మూటలు దించితే నాలుగు మూటల్లో ఉన్ని పొట్టు రాలింది, సన్నటి తెల్ల పురుగులు కదిలాయి. మామ్మ తిన్నగా అత్త వైపు తిరిగింది.

"నిజం సెప్పు. ముట్టేవు కదా?"

"నేదే అమ్మా. నీ మీదొట్టు."

"మరి పురుగు ఊరికినే వస్తాదేటి? ఇకమీదట కదురు నీ సేతికి ఇవ్వను."

అత్త నాన్నకి చెల్లెలు, అప్పటికింకా పెళ్లి కాలేదు. పదో తరగతితో చదువు మాన్పించారు. ఆమె కదురు తిప్పి వడికితే నూలు మొదటినుంచి చివరిదాకా ఒకే సన్నం. రాజాం నుంచి వచ్చే నేతగాడు ఆమె ఉండలనే ఏరుకునేవాడు. అత్త దగ్గర తనదంటూ ఉన్నది ఆ ఒక్క విద్యే. ఆ రోజు ఆమె పెరట్లో కూర్చుని ఖాళీ వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకోవడం చూశాను. నా కోపం అప్పుడు పుట్టింది, ఇంకా చల్లారలేదు.

నేను ఆరో తరగతి. బడిలో రెండు చిక్కుడు మొక్కలు పెంచాం, ఒకటి ఎండలో, ఒకటి చీకట్లో. మిగతాదంతా ఒకేలా ఉండాలని మేడం పదేపదే చెప్పింది. అది గుర్తొచ్చి మూత బిగుతుగా పట్టే నూనె డబ్బాలు రెండు తెచ్చాను. పురుగు తగలని మూటలోంచి సగం సగం ఉన్ని, అదే వేపాకు. ఒకదాంట్లో అమ్మోరి కుచ్చు వేశాం, రెండోదాంట్లో లేదు. రెండింట్లోనూ ఉన్ని కూరింది అత్తే, అదీ ఆమె నెలసరికి దూరంగా కూర్చున్న రోజునే.

"మీ మామ్మకి తెలిస్తే సంపేస్తాదే" అంది అత్త. అయినా కూరడం ఆపలేదు.

వానలు వెళ్లాక డబ్బాలు తెచ్చి మామ్మ ముందు బోర్లించాను. కుచ్చు లేని ఉన్ని పెట్టింది పెట్టినట్టే ఉంది. కుచ్చు ఉన్నది పొట్టుపొట్టయింది, పసుపు దారం చుట్టూనే పురుగులు ముసిరాయి. కడగని ఆ జిడ్డు కుచ్చులోనే గుడ్లు ఉన్నాయి, ఏటేటా మేమే వాటిని మూటకొకటి చొప్పున పంచిపెట్టాం.

"మామ్మా, రెండూ అత్త ఆ రోజుల్లో ముట్టినవే. సెయ్యి ఒకటే. మరి ఒకదానికే పురుగెందుకు పట్టింది?"

నా వీపు చిట్లుతుందనుకున్నాను. మామ్మ రెండు రాశుల్నీ వేళ్లతో కెలికింది, వాసన చూసింది. "అమ్మోరికైనా నీళ్లు పొయ్యాల కదేటి" అని గొణిగి, మిగిలిన కుచ్చులన్నీ తెచ్చి మరిగే కుంకుడు నీళ్లలో పడేసింది. ఆ తర్వాత అత్త వైపు చూడకుండానే కదురు ఆమె ఒళ్లోకి విసిరింది. "సూత్తావేటి? వడుకు."

క్షమాపణ చెప్పలేదు. కుచ్చు పెట్టడం మానలేదు, కడిగి పెట్టింది. ఆ రాజీ నాకు ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చదు. కానీ ఆ నూలుతో నేసినదే ఈ కంబళి.

మామ్మ పోయాక నల్ల గొర్రెల్ని అమ్మేశారు. అత్త ఇప్పుడు రాజాంలో మిషను కుట్టుకుంటోంది. మిగిలిన గొర్రెలకు కత్తిరించిన బొచ్చు రోడ్డు పక్క తుప్పల్లో కుళ్లుతోంది. కదురంటే ఏమిటో మా వీధి పిల్లలకు తెలియదు. వీటికోసం బాధపడతాను. అయితే ఆ రోజులే బంగారమని మాత్రం నా చేత అనిపించలేరు.

ఎందుకంటే ఉన్ని పోయింది గాని నింద పోలేదు. నిరుడు శ్రీకూర్మం దగ్గర చుట్టాలింట్లో ఆవకాయ కలుపుతున్నారు. మూలన నిలబడ్డ ఇంటర్ చదివే పిల్లతో వాళ్లమ్మ, "జాడీ ముట్టకే, బూజు పడతాది" అంది. నేను లేచి అటక మీంచి రెండో జాడీ దించి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"ఇదే ఆవకాయ, ఈ జాడీ నువ్వు నింపు, ఆ జాడీ మీ అమ్మ నింపుతుంది. వానలు వెళ్లాక వస్తాను. అందరి ముందూ మూతలు తీద్దాం."