ఖాళీ కాటా

మా వంశంలో నాకంటే లాభసాటి బేరం చేసినవాళ్లు లేరు. గద్వాలలో పల్లికాయ కొనే దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. బస్తాను కాలితో తాకి బరువు చెప్పగలను, మనిషి మొహం చూసి ధర చెప్పగలను. అలాంటి నేను ఇరవై రెండేళ్లప్పుడు ఒక చిన్న మర తిప్పి మిరపపండు రంగు పట్టుచీర సంపాదించాను. పెట్టుబడి లేదు. ఎవరికీ అనుమానం రాలేదు. ఎనిమిదేళ్లుగా ఆ లాభాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇక్కడ దించుతున్నాను.

మా వదినది వనపర్తి, బడిపంతులు కూతురు. భారీ మనిషి. నేనూ అంతే. ఇద్దరం ఒకేసారి మంచం మీద కూర్చుంటే అది మూలిగేది. నేను ఆ మూలుగు విని లేచేదాన్ని. ఆమె విని నవ్వేది. భక్ష్యం మీద పోసుకున్న నెయ్యి మోచేతి దాకా కారితే అదీ నాలుకతో నాకి, "గింత రుచి ఇడిచిపెడ్తరా పిల్లా" అనేది. మా అన్న ఆ నవ్వు చూస్తూ అన్నం కలపడం మరచిపోయేవాడు.

ఆ ఏడాది నన్ను పెళ్లిచూపుల్లో చూడటానికి వచ్చినవాళ్లు మా ఇంట్లో మిక్చరంతా తిని, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "పిల్ల జర దొడ్డుగున్నది" అన్నారు. తలుపు వెనక నేనూ వదినా విన్నాం. "ఆళ్లు తిన్న మిక్చరు కాటా మీద పెట్టి జోకితే తెలుస్తుండె, దొడ్డు ఎవరో" అంది వదిన, నన్ను నవ్వించాలని. నాకు నవ్వు రాలేదు. నాకున్నంత ఒళ్లే ఉన్న మనిషి ఇంత హాయిగా ఎట్లా ఉంది? నాకు సిగ్గయిన చోట ఆమెకు సిగ్గెందుకు లేదు? నా బాధ ఒళ్లు గురించి కాదేమో. నాలాగే ఇంకొకరు బాధపడటం లేదన్నదే నా బాధ. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడైతే ఆ మాట అన్నవాళ్ల మీదికి పోయేదాన్ని.

కొత్త శతాబ్దం వచ్చిందని ఊరంతా కేకులు కోసిన జనవరి అది. పందెం నేనే పెట్టాను. ఉగాది దాకా గడువు. ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకు అన్న గద్వాల చీర కొనివ్వాలి. వదిన కాసేపు నా మొహం చూసి సరేనంది. ఆమెకు చీర మీద ఆశ లేదు. నాకు తోడు ఉండాలని ఒప్పుకుంది. అది నాకు ఆ క్షణమే తెలుసు.

తూకానికి ఇంట్లో యంత్రమెందుకు? దుకాణంలో బస్తాల కాటా ఉంది కదా. ఇనుప బల్ల, పక్కన తూకం దండె, దండె చివర చిన్న మర. ఆ మరను కొంచెం తిప్పితే దండె బరువు ఎక్కువ చూపిస్తుంది. అందుకే ధరూర్ వైపు నుంచి వచ్చే రైతులు బస్తా ఎత్తకముందే, "సేటూ, ముందుగాల ఖాళీ కాటా చూపియ్" అంటారు. బల్ల మీద ఏమీ లేనప్పుడు దండె సమంగా నిలబడాలి. నిలబడితేనే బేరం. మా నాయిన రోజూ పొద్దున ఆ దండె ముందు దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడేవాడు.

రెండో సోమవారానికే వదిన నాకంటే ముందుంది. మూడో సోమవారం దుకాణం తెరవకముందే నేను వెళ్లి మర తిప్పాను. ఆమె దిగి కొంగు సర్దుకునేలోపు మళ్లీ సరిచేసి నేనెక్కాను. రైతులు వచ్చేసరికి కాటా నిజాయితీగా ఉంది. ప్రతి సోమవారం అంతే. ఆమె ఎంత తగ్గితే నేను అంత తిప్పాను. ఖాళీ కాటా చూసుకోవాలని వనపర్తి బడిపంతులు కూతురికి తెలియదు. ఆమె ఖాళీ దండెను చూడలేదు. నా మొహం చూసి నమ్మింది.

వదిన రాత్రి అన్నం మానేసింది. తర్వాత పొద్దున కూడా సగమే. ఒకనాడు నీళ్ల బిందెతో గడప మీద కూలబడింది. అందరూ ఎండ అన్నారు. నేనూ ఎండే అన్నాను.

ఉగాది పొద్దున చివరి తూకం.

"ఎంతున్న, చెప్పు పిల్లా."

"డెబ్బై నాలుగు వదినా."

"అరే, జనవరిల డెబ్బై ఆరు ఉంటి గద. మూడు నెలలు కడుపు మాడ్చుకున్న. గింతేనా?"

"మరి కాటా అబద్ధం చెప్తదా వదినా?"

ఆమె బల్ల దిగలేదు. దండెనే చూస్తూ, "కాటా ఎందుకు చెప్తది," అంది. "నా ఒళ్లే మోసపుది."

అప్పటికి ఆమె ఆరు కిలోలు తగ్గింది. నేను తగ్గింది మూడు, అదీ జ్వరం పుణ్యాన. చీర నాకొచ్చింది. గద్వాల చీర కట్టుకునేవాళ్ల బరువు అడగదు, ఎవరికైనా సరిపోతుంది. నేను మాత్రం దాన్ని ఒక్కసారి కూడా కట్టలేకపోయాను.

తర్వాత తూకం అడగని ఇంటికి, నాగర్‌కర్నూలుకు పెళ్లయి వెళ్లాను. నా ఒళ్లు అలాగే ఉంది. వదిన మాత్రం ప్రతి జనవరిలో ఒక ఒట్టు పెట్టుకునేది, ప్రతి ఉగాదికి తన పళ్లెంలో భక్ష్యం పక్కవాళ్ల పళ్లెంలో వేసేది. అందరి ముందు తినడం మానేసింది. మంచం మూలిగితే లేచి నిలబడేది.

మొన్న ఉగాదికి పుట్టింటికి వెళ్లాను. పన్నెండేళ్ల మేనకోడలు వడ్డించిన భక్ష్యం పక్కకు జరిపింది. ఎందుకని అడిగాను. "అమ్మది నాది ఒకటే ఒళ్లు అత్తా. ఎంత జేసినా తగ్గని ఒళ్లు" అంది. నా అబద్ధం. నేను కాటాతో చెప్పించిన మాటే, ఆ పిల్ల నోట్లోంచి.

వదిన వంటింట్లోంచి వచ్చింది. బిడ్డ పక్కన కూర్చుని తన పళ్లెంలో ఒక భక్ష్యం వేసుకుంది. నెయ్యి పోసుకుంది. ఇంకో భక్ష్యం వేసుకుంది. "తగ్గకపోతే తగ్గకపాయె. ఈ ఒళ్లే నిన్ను మోసింది, ఈ ఒళ్లే నీకు బువ్వ వండింది. ఈ ఏడు నేను ఏ ఒట్టూ పెట్టుకోలే. తిను బిడ్డా." నెయ్యి మోచేతి దాకా కారింది. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె దాన్ని నాకింది. పిల్ల నవ్వి తినడం మొదలుపెట్టింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను, ఉప్పు అడిగాను. చెబితే ఆమెకేం వస్తుంది? నా నిజం లేకుండానే ఆమె బయటపడింది. తగ్గుతుందో లేదో తెలుసుకుని కాదు, ఇక తూకం అక్కర్లేదనుకుని బయటపడింది. మరి ఈ నిజం ఎవరికి కావాలి? నాకే. క్షమించమని అడగడం కూడా నా మార్కు బేరమే అవుతుందేమో, నా బరువు దించి ఆమె చేతిలో పెట్టడం. చెప్పకపోవడం కూడా లాభం చూసుకోవడమేనా? తెలియదు. ఇది రాశాక మాత్రం గుండె కొంచెం తేలికగా ఉంది. అంతకుమించి ఆశించే హక్కు నాకు లేదు.

మర తిప్పానని మొదట్లోనే చెప్పి, ఖాళీ కాటా ముందే చూపించాను. ఇక తూకం. ఎనిమిది ఉగాదులు ఆమె తినని భక్ష్యాలు. గడప మీద దొర్లిన ఒక బిందె. ఒక పిల్ల తన ఒంటి గురించి నేర్చుకున్న తప్పుడు మాట. మడత విప్పని ఒక చీర. మర తిప్పి ఆమె మీద వేసిన నాలుగు కిలోలు.

అవి ఆమెవి కావు. నావి.