పసుపు పూసిన ఉలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలు ముట్టుకోకూడనివి రెండే ఉండేవి: మా నాయనమ్మ మడిచీర, మా బాబాయి పనిముట్లు. మాది పసుపు పండే దుగ్గిరాల పక్కన పల్లె. బాబాయి రోజూ తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళి ఒక ఆఫీసులో గుమాస్తా పని చేసేవాడు. వడ్రంగం ఆయనకు కూడు పెట్టే పని కాదు, ఉత్త పిచ్చి. సెలవు దొరికితే చాలు, దొడ్లో రేకుల పంచ కింద చెక్కపొట్టులో కూర్చునేవాడు. రంపాలు, సుత్తులు, చిత్రిక, ఆకురాళ్ళు అన్నీ గోడకు వరసగా వేలాడేవి. వాటిలో సన్నమూతి ఉలి ఒకటి ఆయనకు ప్రాణం. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆయన తన కళ్ళజోడు కూడా తుడుచుకునేవాడు కాదని మా పిన్ని దెప్పేది.

ఆ ఏడాది నాయనమ్మ నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ ఊతం లేకుండా అడుగు పడేది కాదు. దొడ్లోకి వెళ్ళాలంటే అమ్మో పిన్నో రెక్క పట్టుకుని నడిపించాలి. ఒకరి చేత చేయించుకోవడం ఎరగని మనిషి. పిలవాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే మానేసింది. మంచం పక్కన చెంబు పొద్దున ఎలా పెట్టింది సాయంత్రం అలాగే ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ నిండు చెంబు చూస్తే ఏడుపొచ్చేది.

బాబాయి ఊరుకుంటాడా? రెండు చేతులా ఎత్తి ముందుకు వేసుకుంటూ నడిచే టేకు చట్రం ఒకటి మొదలుపెట్టాడు. దసరా సెలవుల్లో పూర్తి చేస్తానని తల్లికి మాటిచ్చాడు. మధ్యలో మహర్నవమి వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నీ పంచలో పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. దశమి సాయంత్రం దాకా వాటిని కదపకూడదు.

బాబాయి బొట్టు పెట్టినట్టు ఇంతింత పసుపు పెట్టాడు. అది నాకు చాల్లేదు. ఇంత పిసినారితనంగా పూజిస్తే దేవుడు నాయనమ్మను ఏం నడిపిస్తాడనిపించింది. మా ఊళ్ళో పసుపుకేం కొదవ! అందరూ భోజనాల దగ్గరుండగా గిన్నెడు పసుపు నీళ్ళతో ముద్దగా కలిపి, ఉలి మొదలుకుని రంపం పళ్ళ దాకా వదలకుండా మెత్తాను. మెత్తి, ఆరిపోతుందేమోనని పైన తడిగుడ్డ కూడా కప్పాను. అతి భక్తి అంటే ఇదే కాబోలు.

దశమి సాయంత్రం బాబాయి గుడ్డ తీశాడు. ఇనుమన్నది ఎక్కడుంటే అక్కడల్లా ఎర్రటి తుప్పు. ఉలి అంచు గరుకు తేలిపోయింది. ఆ ఊళ్ళో అందరి చేతులూ అంతో ఇంతో పచ్చనివే గానీ, మోచేతుల దాకా పచ్చగా ఉన్నది నేనొక్కదాన్నే. అమ్మ చెయ్యెత్తింది. బాబాయి అడ్డొచ్చి, ఎందుకు చేశావే అని నన్నే అడిగాడు. నాయనమ్మ నడవాలని, అని చెప్పేసి భోరుమన్నాను.

ఆయన తన కండువాతో నా ముక్కు తుడిచాడు. "దేవుడికి పసుపు ఇష్టం. ఇనుముకి నూనె ఇష్టం. దానికేం కావాలో కనుక్కుని పెట్టాలి కదే పిచ్చిమొద్దూ!" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

మర్నాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో, ఇటుకపొడితో ఇద్దరం తుప్పు రుద్దాం. ఉలిని సానరాయి మీద ఎంత వాలుగా పట్టాలో, పదును వచ్చిందని ఎలా తెలుసుకోవాలో చూపించాడు. ముట్టుకోకూడదన్న ఉలిని నా చేతిలోనే పెట్టాడు. మిగిలిన సెలవులు దాంతోనే అయిపోయాయి. ఆ పైన మూడు ఆదివారాలు కూర్చుంటే గానీ చట్రం పూర్తి కాలేదు. అన్నాళ్ళూ నాయనమ్మ చెంబు నిండుగానే ఉంది.

చట్రం మాత్రం ఎంత బాగా కుదిరిందనుకున్నారు! పిడుల మీద చిలకలు చెక్కాడు. నాయనమ్మ మంచం మీద కూర్చునే ఆ చట్రాన్ని రెండు చేతులా ఎత్తబోయింది. కదల్లేదు. మళ్ళీ పట్టింది.

"ఒరే నాయనా, దీన్ని ఎత్తే ఓపికే ఉంటే నాకిది ఎందుకురా?" అంది.

పిన్ని నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. బాబాయి ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు. ఆయన మంచం పక్కన నేల మీద కూలబడి, అన్ని రోజుల్లో మొదటిసారి అడిగాడు. "నీకేం కావాలమ్మా?"

ఆవిడ ఆలోచించను కూడా లేదు. "మంచం కాడ్నుంచి దొడ్డి గుమ్మం దాకా గోడకి చేతికందే ఎత్తులో ఒక కర్ర బిగించు. పట్టుకుని నా పాటికి నేను పోతా."

బాబాయి నా వైపు తిరిగి, "నేనూ పసుపే పూశానే అమ్మాయ్" అన్నాడు.

తర్వాతి ఆదివారం కర్ర బిగించాం. చిలకలూ లేవు, చెక్కడాలూ లేవు. చేతికి పేడు గుచ్చుకోకుండా పొడుగునా నునుపు చేసింది నేనే. సాయంత్రం నాయనమ్మ మంచం దిగి, గోడవైపు తిరిగి, ఆ కర్ర పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ దొడ్డి గుమ్మం దాకా వెళ్ళింది. ఎవరినీ రానివ్వలేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, చెంబందుకుని గటగటా తాగి, ఇంకో చెంబు తెమ్మంది.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. తెనాలిలో మా మేడ మీద నాకూ ఒక రేకుల గది ఉంది. కరెంటు బర్మా, కోత మిషను, నానా సరంజామా ఉంది. చూడ్డానికొచ్చినవాళ్ళు, వీటన్నిట్లో ఏది బాగా పనికొస్తుందండీ అని అడుగుతుంటారు. ఉలి అని చెబుతాను. అది నిజమే గానీ, దాన్ని చేతిలోకి తీసుకునే ముందు ఎవరికోసం చేస్తున్నానో వాళ్ళను ఒక మాట అడగడం నేను బాబాయి దగ్గర నేర్చుకున్న అసలు పని.

మొన్న మా ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. కాలు పెట్టుకునే బల్ల చెయ్యనా, పుస్తకాల పీట చెయ్యనా అని నా బుర్ర అప్పుడే కొలతలు వేసేస్తోంది. ఆగి, ఆయన పక్కన కూర్చుని మీకేం కావాలని అడిగాను.

"ఏమీ చెయ్యకు. కాసేపు ఇలాగే కూర్చో" అన్నారు.

కూర్చున్నాను.