తొమ్మిదోసారి వాయించినప్పుడు

వారమంతా పటాన్‌చెరులో మందుల కంపెనీ ల్యాబులో పని, ఆదివారం వయొలిన్. అప్పట్లో మాది ముప్పై మంది ఉన్న చిన్న ఆర్కెస్ట్రా. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఒకరి సింఫనీలు నాలుగూ రికార్డు చేయాలని మా పట్టుదల. స్టూడియోలో అంతమందికి చోటు చాలక, హైవే పక్కనున్న ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం.

మూడో సింఫనీలో నెమ్మదిగా సాగే భాగం దగ్గర చిక్కుకుపోయాం. దాని చివర వయొలిన్లు వినీ వినపడనంత సన్నగా పలకాలి. సరిగ్గా అక్కడికి రాగానే లారీ హారన్ మోగేది. ఎనిమిదిసార్లు అంతే.

హాలు చూసుకునే పెద్దాయన నా మొహం చూసి, "పరేషాన్ గాకు బిడ్డా. రోడ్డు బంద్ చేస్తమా ఏంది? జెర చాయ్ తాగుండ్రి" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తొమ్మిదోసారి ఏ లారీ రాలేదు. కానీ నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. ఆఖరి స్వరం తప్పు పలికించాను.

"ఎవరమ్మా తప్పింది?" అన్నారు మమ్మల్ని నడిపించే మాస్టారు.

చెయ్యెత్తాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా గడియారం చూసుకున్నారు. సాయంత్రం పెళ్లికి పూలు కట్టేవాళ్లు అప్పటికే లోపలికి వచ్చేశారు.

మిగతా మూడు సింఫనీలూ తర్వాత పూర్తయ్యాయి. మూడోది ఇప్పటికీ ఆ భాగం దగ్గరే ఆగి ఉంది.