పెద్ద కాజాల చొక్కా

మా వాడికి ఆరేళ్లు నిండినా చొక్కా గుండీ పెట్టుకోవడం రాలేదు. నేనేమో నాచారంలో బట్టల కంపెనీలో గుండీల మిషన్ మీద కూర్చుంటాను. పొద్దస్తమానం ఎవరెవరి చొక్కాలకో గుండీలు కుట్టి, ఉప్పల్‌లో ఇంటికొచ్చి నా కొడుకు గుండీలు నేనే పెట్టాలి. ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్లు మండేది. వాడి మీద కాదు, గుండీల మీద.

గుండీలొక్కటే కాదు. పెన్సిల్ పట్టు జారిపోయేది. చెంచా నోటిదాకా వెళ్లేలోపు పప్పంతా ఒళ్లో పడేది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. జనగామ నుంచి మా అత్త ఫోన్ చేసినప్పుడల్లా "మొగపిల్లలు జర ఆలస్యమే, ఫికర్ జెయ్యకు" అనేది. ఆ మాట పట్టుకుని రెండేళ్లు గడిపేశాను. చివరికి బడిలో టీచరమ్మ గట్టిగా చెప్తే దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరు చూసి, వాడి తెలివికి లోటేమీ లేదన్నాడు. చేతులకూ వేళ్లకూ పని నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ వారానికి రెండుసార్లు కావాలనీ, ఇంక ఆలస్యం చేయొద్దనీ చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీతో ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లాం. మా ఆయన కరెంటు పనులు చేస్తాడు, పని దొరికిన రోజే సంపాదన. ఫీజు ఎంతో చెప్పగానే "మళ్లొస్తం మేడం" అని లేచాడు. మళ్లీ రామని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. మెట్లు దిగుతున్నంతసేపూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దారి చూపింది నా పక్క మిషన్ అక్క. కాజాలు ఆమె కొడుతుంది, గుండీలు నేను కుడతాను. "మా చర్చిల ఒకామె బిడ్డ పోతది. ఈడ్నే నాచారంల, ట్రస్టోళ్ల సెంటర్. పైసలు లేనోళ్లకు రాయితీ సీట్లు ఉంటయట. పోయి అడుగు. అడగంది అమ్మైనా పెట్టదు" అంది.

ఫోన్ చేస్తే మంగళవారం రమ్మన్నారు. పిల్లాణ్ని చూశాక సీటు సంగతి చెప్తామన్నారు. ఇక్కడే నా అతి తెలివి పనిచేసింది. బడిలో వేసేటప్పుడు కూడా పిల్లాణ్ని చూశాకే సీటిచ్చారు. అప్పుడు రంగుల పేర్లూ పండ్ల పేర్లూ వల్లె వేయించి తీసుకెళ్లాను. పిల్లాడు బాగా చేస్తేనే సీటు, నాకు తెలిసిన లోకం అంతే. అందుకని కంపెనీలో తక్కువకు అమ్మే రిజెక్ట్ చొక్కా ఒకటి కొని, దానికి కోటు గుండీలంత పెద్ద గుండీలు కుట్టాను. అక్క ఉన్న కాజాలనే కోసి, ఇంకా పెద్దవి చేసి అంచు కొట్టిచ్చింది. గుండీ అలా ఆనిస్తే చాలు, ఇవతలికి వచ్చేస్తుంది. వారం రోజులు అదే పని. వాడు నేర్చేసుకున్నాడు.

మంగళవారం ఆ థెరపీ మేడం, చిన్న వయసే, వాడి ఎదురుగా చాప మీద కూర్చుంది. వాడు ఐదు గుండీలూ టకటకా పెట్టేశాడు. అన్నం తింటాడా అంటే "తింటడు మేడం" అన్నాను. చప్పుళ్లకు భయపడతాడా అంటే "లే మేడం" అన్నాను. ఆమె సంతోషపడింది. "బాబు బాగానే ఉన్నాడమ్మా. ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి చాలు. ఉన్నవి రెండే సీట్లు, బాగా అవసరం ఉన్న పిల్లలకు ఇస్తాం" అంది.

నాకు ఆ మొదటి మాటే వినపడింది. కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు బస్టాపుకు వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"మనోడు మస్తు జేసిండు!"

"సీటిచ్చిన్రా?"

"లే. మంచిగున్నడట."

 ఆయన నెమ్మదిగా అన్నాడు: "మంచిగుంటె సీటెందుకిస్తరే?"

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత.  పక్కన వాడు గుండీలు విప్పి మళ్లీ పెట్టుకుంటూ, చూశావా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు.

వెంటనే వెనక్కి వెళ్లాను. వాడి చొక్కా విప్పి మేడం చేతిలో పెట్టాను. ఆమె కాజాలో వేలు దూర్చి చూసింది.

"ఇదెవరు చేశారమ్మా?"

"నేనే మేడం. మోసం జేసిన."

ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వింది. "మోసమేంటి! మేం మొదలుపెట్టేది ఇక్కడే. పెద్ద కాజాతో మొదలుపెట్టి మెల్లగా చిన్నది చేస్తూ పోతాం. మీరు మొదటి పాఠం చెప్పేసి తీసుకొచ్చారు" అంది. తర్వాత అన్ని ప్రశ్నలూ మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. రాదు మేడం. తినలేడు. పట్టుకోలేడు. భయపడతడు. నా బిడ్డకు రాదు అనే మాట అంతకు ముందు నా నోట్లోంచి ఎన్నడూ రాలేదు. బనియన్‌తో కూర్చున్న వాడు నేను "రాదు" అన్నప్పుడల్లా తలెత్తి నన్ను చూశాడు. సీటు వచ్చింది కానీ, ఆ చూపు మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆర్నెల్లు వారానికి రెండుసార్లు తిరిగాం. అక్క నెలనెలా కాజా ఒక పిసరు తగ్గించేది, నేను దానికి తగ్గ గుండీ కుట్టేదాన్ని. సీటు ఉంచాలో లేదో మళ్లీ చూసే రోజు వచ్చింది. "ఆ దినం టీషర్ట్ ఏసి తోల్కపో. మంచిగ జేస్తె సీటు తీస్తరు. ఒకపాలి అయింది గద" అంది అక్క. నిజమే కదా అనిపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పొద్దున టీషర్టే తీసి మంచం మీద పెట్టాను. నేను టిఫిన్ డబ్బా సర్దుకుని వచ్చేసరికి వాడు బడి చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మామూలు కాజాలు, మామూలు గుండీలు. విప్పించడానికి నాకు చేతులు రాలేదు.

మేడం ముందు నాలుగు గుండీలు పెట్టాడు. ఐదోది జారింది, మళ్లీ జారింది. వాడి నాలుక బయటికొచ్చింది, ముక్కు మీద చెమట పట్టింది. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు వెళ్లింది.

"తియ్యమ్మా" అన్నాడు.

తీశాను. మూడోసారికి వాడే దూర్చాడు.

ఇకనుంచి వారానికి ఒక్కరోజు చాలని మేడం రాసింది. రెండో రోజు ఇంకో బిడ్డకు ఇస్తామంది. సీటు సగం పోయిందన్న బెంగ, వాడు చేశాడన్న సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి.

బస్సెక్కి కూర్చున్నాక చూశాను. మూడో గుండీ నాలుగో కాజాలో ఉంది, కింద ఆరో గుండీకి కాజా మిగల్లేదు. చొక్కా ఒకపక్కకు ఎగదన్నింది. కంపెనీలో అయితే ఇంతకన్నా చిన్న వంకరకే పక్కన పడేస్తాం. నా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆ చొక్కాను అలాగే ఉప్పల్ దాకా తీసుకొచ్చాను.