సున్నా పెట్టని ప్రోగ్రామూ గురవయ్య మామ అంచూ

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. ఎవరైనా అలాంటి సంగతి చెబితే, కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది, వైరు ఎటు పోయింది అని అడిగే రకం నేను. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మాది నగరి. పవర్‌లూమ్ మగ్గాలు రిపేరు చేస్తాను. పదో తరగతితో బడి ఆగింది కానీ చదవడం ఆగలేదు. ఆదివారం వస్తే తిరుపతి బస్సెక్కి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజ్ నేర్చుకున్నది అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకంలోంచి, పక్కన నిఘంటువు పెట్టుకుని. ఆరు నోటుపుస్తకాలు నింపాను. నాకు నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఈ మాట గర్వంగానే చెబుతాను.

మా వీధిలో మునెమ్మత్త ఉంది. ఆమె భర్త గురవయ్య మామ పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన మగ్గం మీద అంచులో ఏ పోగులు లేవాలో చెప్పేవి చిల్లుల అట్టలు. వాటిని చెదలు తినేశాయి. అంచు లేని గుడ్డ ఎవరికీ అక్కర్లేదు. సోమవారం మగ్గాన్ని పాత ఇనుము వాళ్లకు ఇచ్చేద్దామని అత్త తమ్ముడు సుబ్రమణి మాట్లాడేశాడు. అట్టల బదులు చిప్ పెడతాను, ఆదివారం సాయంత్రంలోగా అంచు వస్తే మగ్గం ఉంచండి అని అడిగాను.

సుబ్రమణి నవ్వినాడు. "లైబ్రరీలో సదివి మగ్గం నడపతావా అబ్బా? అట్లయితే నేను పంచాంగం సూసి బస్సు నడపతా!"

"నువ్వు ఊరికే ఉండరా. వాడికి చేతనయింది వాణ్ణి చేయనీ" అంది అత్త.

అంచు పోగుల్ని లేపడానికి పదహారు కొక్కేలు. నలభై ఎనిమిది వరుసల మామిడి పిందె డిజైన్ ప్రోగ్రాములో రాశాను. ఇప్పుడు ఏ వరుస నేయాలో గుర్తుంచుకోవడానికి ఒక వేరియబుల్ పెట్టాను. తప్పు అక్కడే జరిగింది. మా పనిలో మగ్గం ఖాళీగా మొదలు కాదు. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయే ముందు దాని కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతాం, ఆగిన చోటునుంచే నేత సాగుతుంది. ఆ అలవాటుతోనే వేరియబుల్ పేరు రాసి వదిలేశాను. మొదట సున్నా నుంచి మొదలవ్వాలని చెప్పలేదు.

నేను రాసినదాన్ని చిప్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ హెచ్చరించింది. ఈ వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండానే వాడుతున్నావు అని. దాని అర్థం నాకు తెలుసు. విలువ ఇవ్వకపోతే అది ఖాళీగా ఉండదు, ఆ చోట అంతకుముందు ఏది మిగిలి ఉంటే అదే ఉంటుంది అని మూడో నోటుపుస్తకంలో నా చేత్తోనే రాసుకున్నాను. కానీ అది హెచ్చరికే, ప్రోగ్రాము మాత్రం తయారైంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆదివారం పగలు పదకొండింటికి మగ్గం ఆన్ చేశాను. మామిడి పిందె రాలేదు. చిలక ముక్కులు వచ్చాయి. మూడు కుడివైపుకు, నాలుగోది ఎడమకు. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. ప్రోగ్రాము నా డిజైన్‌లో కాక మెమరీలో ఇంకెక్కడో చూస్తోందని అర్థమైంది. ఆపబోతే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఆపొద్దురా. ఇది మీ మామ అంచు. నీకు యాడ దొరికింది?"

ఆమె పెట్టెలోంచి తన పెళ్లినాటి చీర తెచ్చింది. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. నలభై ఎనిమిది వరుసలూ సరిపోయాయి. నాలుగో ముక్కు మామ ఒకప్పుడు అట్టకు చిల్లులు తప్పుగా కొట్టడం వల్ల తిరగబడిందట, బాగుందని అలాగే ఉంచేశాడట. సుబ్రమణి కూడా రెండుసార్లు లెక్కపెట్టి గడప మీద కూర్చున్నాడు.

ముప్పైరెండు అంగుళాలు నేసిన తర్వాత కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అంచు మీద చుక్కల గందరగోళం తప్ప ఏమీ లేదు. సున్నా పెట్టకపోవడం వల్ల చిప్ ఆన్ చేసినప్పుడల్లా మెమరీలో మిగిలిన ఏదో ఒకటి చదువుతోందని, సున్నా పెడితే నా డిజైనే వస్తుందని అత్తకు వివరించాను.

"అయితే ఆ సున్నా పెట్టొద్దు. ఇంకొకసారి సూద్దాం" అంది.

సాయంత్రం దాకా ఆపి ఆపి ఆన్ చేశాం. ఒక్కసారీ రాలేదు. సున్నా పెడితే ఇక ఆ అంచు తనంతట తాను మళ్లీ వచ్చే దారి ఉండదు. పెట్టకపోతే పొద్దునకు మగ్గమే ఉండదు. అత్త చీర మడతపెట్టి చాలాసేపు ఒళ్లో ఉంచుకుంది.

"పెట్టుకోరా. మగ్గం ఉండాల" అంది చివరికి.

పెట్టాను. హెచ్చరిక పోయింది. మామిడి పిందె ఒక్క తప్పు లేకుండా వచ్చింది. పాత ఇనుము వాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పింది సుబ్రమణే.

చిన్నప్పుడు నేను ఆ అంచు చూసి ఉంటానని మీరనవచ్చు. చూసే ఉండొచ్చు. కానీ నేను టైపు చేయనిది చిప్‌లోకి ఎలా వెళ్తుంది? అది కొత్త చిప్, కవరు చించింది నేనే. తర్వాత అందులో ప్రతి బైటూ చదివి ప్రింటు తీశాను. ఆ డిజైన్ ఎక్కడా లేదు.

ఆ ఆదివారం నేసిన ముప్పైరెండు అంగుళాల ముక్క చూస్తూ ఒక్కో పోగూ లెక్కపెట్టి, మామ అంచును నేనే ప్రోగ్రాముగా రాశాను. ఇవాళ మా వీధిలో మూడు మగ్గాలు దాన్ని నేస్తున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ సారొకరు వచ్చి కోడ్ చూసి, ఎక్కడ చదివావు అని అడిగారు. గ్రంథాలయంలో అన్నాను. లేచి నిలబడి చెయ్యి కలిపారు. ఆ మొదటి ముక్క సంగతి చెబితే, యాదృచ్ఛికం అయ్యుంటుంది అన్నారు. అలా జరిగే అవకాశం ఎంతో కాగితం మీద లెక్క మొదలుపెట్టారు, మధ్యలో పెన్ను మూసేశారు.

ఆ మూడు మగ్గాల మీద నడిచే ప్రోగ్రాములో ఏ వరుస అడిగినా, అది ఎందుకు అలా ఉందో నేను చెప్పగలను. మునెమ్మత్త పెట్టెలో ఉన్న ఆ ముప్పైరెండు అంగుళాల గురించి అడిగితే మాత్రం చెప్పలేను.