గ్యాంగ్ కండెన్సర్‌లో ఎర్ర దుమ్ము

1965 జూన్ 14, సోమవారం ఉదయం, బళ్ళారిలోని ఒక సాంకేతిక శిక్షణ సంస్థలో రేడియో విభాగం లాబొరేటరీ అసిస్టెంట్‌గా చేరాను. నాకు పైన ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీ. దానిపైన సూపరింటెండెంట్ రుద్రప్ప గారు. టెలివిజన్ కోర్సు మంజూరైతే ఆ ఖాళీ నాదేనని చేరిన వారంలోనే ఆయన చెప్పారు. అప్పటికి మా జిల్లాలో టెలివిజన్ సెట్టు ఒక్కటీ లేదు.

ఉన్నదల్లా స్టోరులో పడి ఉన్న పాత అమెరికన్ వాబ్యులేటర్. ఇది తన ఫ్రీక్వెన్సీని కిందికీ పైకీ ఊపుతూ సంకేతం పంపుతుంది. టెలివిజన్ సర్క్యూట్ దానికి ఎలా స్పందిస్తుందో ఆసిలోస్కోప్ తెర మీద వంపు గీతగా కనిపిస్తుంది. ఆ గీత మీద ఏ ఫ్రీక్వెన్సీ ఎక్కడుందో చూపే చుక్కను మార్కర్ అంటారు. మార్కర్ తప్పితే సర్క్యూట్‌ను శ్రుతి చేసే పని, అంటే అలైన్‌మెంట్, అంతా తప్పే.

బాగుచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను 230కి మళ్ళీ చుట్టాను. లీకైన పేపర్ కండెన్సర్లు ఇరవై రెండు మార్చాను. అమెరికా పద్ధతిలో బొమ్మకూ శబ్దానికీ మధ్య దూరం 4.5 మెగాసైకిళ్ళు, మన పద్ధతిలో 5.5. అందుకని మార్కర్ కాయిళ్ళు కొత్తగా చుట్టి బొమ్మకు 38.9కీ, శబ్దానికి 33.4కీ సరిచేశాను. పరీక్షకు టెలివిజన్ సెట్టు లేదు కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీలను పెంచే ఐ.ఎఫ్. భాగం ఒక్కటి చాసిస్ రేకు మీద నేనే కట్టాను. "ఊర్లో లేని ఇంటికి తాళంచెవి చేస్తాండావేందమ్మా?" అని రుద్రప్ప గారు వచ్చినప్పుడల్లా నవ్వేవారు.

1966 అక్టోబరులో ఇన్‌స్పెక్టర్ వస్తారని ఉత్తరం వచ్చింది. దానికి ముందే మహానవమి. ఆయుధపూజకు లేతు యంత్రాల నుంచి మీటర్ల దాకా అన్నీ వరండాలో బల్లల మీద పేర్చారు. వాబ్యులేటర్‌కు నేను బిగించిన రేకు మూత రుద్రప్ప గారే విప్పించారు.

"లోపల చేసిన పనంతా అమ్మవారికి కనపడాల గదమ్మా."

పూజ అయ్యాక మూత వేస్తానన్నాను. పూజలో పెట్టిన సామాను కదిలించకూడదు, ఎత్తేదాకా ఎవరూ ముట్టరాదన్నారు. ఎత్తింది నాలుగో రోజున. వరండా ముందు రోడ్డు మీద సండూరు నుంచి ఇనుప ఖనిజం లారీలు పోతాయి. రెండో రోజు పది నుంచి ఐదు దాకా నలభై మూడు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాశాను. అంతకు మించి చేయడానికి నాకు అధికారం లేదు. ఎత్తాక రుద్రప్ప గారు మూత బిగించి పరికరాన్ని నేరుగా ప్రదర్శన గదికి పంపించారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఆ గది తాళం రుద్రప్ప గారి దగ్గరే ఉంది.

ఇన్‌స్పెక్టర్ గారు స్విచ్ వేశారు. 38.9 దగ్గర నిలవాల్సిన మార్కర్ చుక్క, గీత మీద అటూ ఇటూ ఎగిరింది. మూత తీసి చూస్తే గ్యాంగ్ కండెన్సర్ రేకుల మధ్య ఎర్రటి పొడి. శ్రుతి మార్చడానికి తిప్పే భాగం ఆ కండెన్సర్. రేకుల మధ్య గాలి తప్ప ఏదీ ఉండకూడదు.

రుద్రప్ప గారు నా వైపు చూడకుండా, "ఆడమనిషి సార్. మీద వంగి పని చేస్తాండాది. నొసటి కుంకుమ రాలుంటాది," అన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు తలూపి కాగితం మీద ఏదో రాశారు.

ఐదు నిమిషాలు గడువు అడిగాను. టర్నర్ ఇమాం సాబ్ లేతు మీది పూజ నిమ్మకాయ తెచ్చి కోశాడు. కుంకుమ అంటే పసుపూ సున్నమే, పులుపు తగిలితే మళ్ళీ పసుపుపచ్చ రంగుకు తిరుగుతుంది. పరికరం ముందు రేకు మీద పూజలో పెట్టిన బొట్టుకు నిమ్మరసం రాశాను. పచ్చబడింది. నా నొసటి కుంకుమ వేలితో తీసి కాగితం మీద పెట్టి రసం పిండాను. అదీ పచ్చబడింది. రేకుల మధ్య నుంచి బ్రష్‌తో తీసిన పొడి మీద పిండాను. ఎర్రగానే ఉంది.

ఇమాం సాబ్ నెమ్మదిగా, "ఇది సండూరు కుంకుమ సార్. లారీలోళ్ళు రోజూ మాకు పెట్టిపోతాండారు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గారు నవ్వారు. రుద్రప్ప గారు కిటికీ వైపు చూశారు. రేకులు శుభ్రం చేసి స్విచ్ వేశాను. మార్కర్ 38.9 దగ్గర కదలకుండా నిలిచింది. రెండోది 33.4 దగ్గర. తేడా 5.5.

కోర్సు మంజూరైంది. ఇన్‌స్ట్రక్టర్ పోస్టు మాత్రం బయటివాడికి ఇచ్చారు. నా సర్వీసు ఫైలులో "పరికరాల నిర్వహణలో అజాగ్రత్త" అనే మాట చేరిందని తర్వాత తెలిసింది. ఇన్‌స్పెక్టర్ గారు ఆ ఐదు నిమిషాలకు ముందు రాసిన మాటను ఐదు నిమిషాల తర్వాత కొట్టేయలేదు. కొట్టేయమని నేను పెట్టిన మూడు అర్జీలూ రుద్రప్ప గారి బల్ల దాటలేదు. నాకు ఆ పోస్టు 1970 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ మూడేళ్ళ ఆరు నెలలకు నేను ఎవరినీ క్షమించలేదు.

మంజూరైన మర్నాడే ఒక రిజిస్టరు తెరిచాను. ఏ పరికరం నా బల్ల దాటినా తేదీ, సమయం, మూత ఉందా లేదా, తీసుకుపోయినవారి సంతకం. తర్వాతి మహానవమికి రుద్రప్ప గారు వాబ్యులేటర్ కోసం వచ్చినప్పుడు రిజిస్టరు, పెన్ను ముందు పెట్టాను. "నాకు గూడానా అమ్మా?" అన్నారు. "మీకే సార్," అన్నాను. సంతకం పెట్టారు. ఆ ఏడు బొట్టు మూత మీదే పెట్టారు.

పరికరం తప్పు చూపినప్పుడు ఎవరు ముట్టారని అడగకముందు, ఎక్కడ ఉంచారు, ఎవరు ఉంచమన్నారు అని అడగాలి. ఆ జవాబు పనికి ముందే, వాళ్ళ చేతిరాతతోనే, కాగితం మీద ఉండాలి.