చిమ్నీలో పట్టిన చేయి

మా ఇంట్లో ఎవరైనా పోతే, ఏడాది తిరిగిన రోజు ప్రార్థన కూడికలో పాడడానికి ఇంటివాళ్లే ఒక కొత్త కీర్తన కట్టాలి. అది మా ఆనవాయితీ. తాత కోసం నాయన కట్టాడు. అమ్మ ఏడాదికి ఆ పని నా మీద పడింది, ఎందుకంటే నాయన తన వల్ల కాదన్నాడు. అమ్మను సమాధి చేసి వచ్చిన నాటి నుంచి ఆయన నోట పాటే లేదు. నాంపల్లి స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఆయన. ఆదివారం గుడిలో మొదట లేచే గొంతు ఆయనదే. అలాంటి మనిషి పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పెదవి కదపకుండా నిలబడేవాడు. నా కీర్తనతో ఆయన నోరు తెరిపించాలని పంతం పట్టాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. చిన్నపిల్లల బళ్లో పాఠాలు చెప్పేదాన్ని, నా అంత రాసేవాళ్లు లేరనుకునేదాన్ని.

నాలుగు చరణాలు రాసి మా మేనమామ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అబిడ్స్ సందులో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. కూడికలో పంచే పాట కాగితం అచ్చు వేయించడం ఆయన వంతు. యుద్ధం రోజులు, కాగితం కరువు. దొరికిన చిన్న ముక్కల మీద రెండు చరణాలకు మించి పట్టవు.

"ఏవి తీసెయ్యాలె మామా?" అని అడిగాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "అన్నీ తీసేసినా నడుస్తది బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. యొర్దాను నది ఒడ్డు పెట్టాను, లిల్లీ పువ్వు పెట్టాను, ఆరని పరలోక దీపం పెట్టాను. ఇంకేం కావాలి?

"లిల్లీ పువ్వు నువ్వు చూసినవా?"

"చూడాల్నా ఏంది? అందరు రాస్తరు."

"గందుకే చెప్తున్న. గా మాట కూర్చేటప్పుడు నేను అక్షరాల దిక్కు గూడ చూడ. చేతులే పోతయ్. చూడకుంట కూర్చిన మాటను చూడకుంటనే పాడుతరు."

"మరి ఏం పెట్టాలె? చీపురు, చాట పెట్టాల్నా? అమ్మ గొప్పది మామా. గొప్పదానికి గొప్ప మాటలే ఉండాలె."

"మాట గొప్పదే. కానీ గిది తప్పని నిన్ను ఎవరన్న దిద్దగలరా చెప్పు? ఎవరూ దిద్దలేని మాట ఎవరిదీ గాదు."

నేను కాగితం లాక్కుని వచ్చేశాను. ఆ వాదంలో పూర్తిగా ఓడిపోయానని ఇప్పటికీ అనుకోను. యొర్దాను ఎటుందో తెలియని మా అమ్మమ్మ ఆ పేరు వింటేనే కళ్లు తుడుచుకునేది. చూడనిదాని మీద కూడా మనిషికి బెంగ ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి నాయన సాయంత్రం డ్యూటీకి తయారవుతున్నాడు. గడప మీద కూర్చుని, వెంట తీసుకుపోయే కందీలు లాంతరు గాజు చిమ్నీని పుల్లకు గుడ్డ చుట్టి తోముతున్నాడు. పుల్ల అందిన మేర తెలుపు, అందని చోట మసి. ఆయన చేయి అందులో పట్టదు. అమ్మ సన్నని చేయి పట్టేది. రోజూ బూడిదతో తోమి పెట్టేది. నా చేయీ పట్టేది. ఏడాదిగా ఆ మసి గాజు నా కళ్ల ముందే ఉంది, నేను పరలోక దీపం గురించి రాస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పాతవి పక్కన పెట్టి, రెండే చరణాలు కొత్తగా రాశాను. మామ చదివి, వెంటనే పనికి కూర్చున్నాడు. ఈసారి ఒక్కొక్క అక్షరం చూసి తీసి కూర్చాడు.

కూడిక రోజు ఇంటి నిండా జనం. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. నాయన కాగితం పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. రెండో చరణం ఎత్తుకున్నాం:

"గాజు చిమ్నీలోన దూరిన కుడి చేయి, మా దారి మసి తుడిచి వెళ్లిన చేయి..."

"కుడి చెయ్యి గాదు," అన్నాడు నాయన.

పాట ఆగిపోయింది. అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఎడమ చెయ్యి బిడ్డా. అన్నం పెట్టే చెయ్యికి మసి ఎందుకనేది మీ అమ్మ."

పద్దెనిమిదేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. ఆ సంగతి నాకు తెలియదు. మామ వైపు చూశాను. ఆయన తల వంచుకుని, జేబులోని పెన్సిల్ తీసి తన కాగితం మీద దిద్దుకుంటున్నాడు.

అప్పుడు నాయన ఆ చరణం తనే మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఏడాది వాడని గొంతు, బొంగురుగా. 'ఎడమ' దగ్గర ఒక అక్షరం ఎక్కువై తాళం తప్పింది. ఆయన ఆగలేదు. అందరం ఆయన వెంటే తాళం తప్పి పాడాం.

మరునాడు సాయంత్రం ఆయన డ్యూటీకి లేవకముందే కందీలు ముందేసుకుని కూర్చున్నాను. బూడిద తీసుకుని, ఎడమ చేయి చిమ్నీలో పెట్టాను.